పాశ్చాత్య తత్త్వశాస్త్ర శాఖలను వైదిక దర్శనాలతో పోల్చడం ఎలా?

"వేదం ఏమంటుంది, పాశ్చాత్యులు ఏమంటారు" అని మొదలుపెడితే పోలిక ఎటూ తేలదు. ఒక ప్రశ్న, అటొక గ్రంథం, ఇటొక గ్రంథం తీసుకోండి.

1. ముందు ప్రశ్న రాసుకోండి. ఉన్నదేమిటి? తెలిసేదెలా? చేయదగినదేది? పాశ్చాత్యుల దగ్గర ఇవి వరుసగా మెటాఫిజిక్స్, ఎపిస్టమాలజీ, ఎథిక్స్. వైదిక దర్శనాల్లో వీటిని ప్రమేయ (తెలుసుకోదగినది), ప్రమాణ (తెలుసుకునే సాధనం), ధర్మ చర్చల్లో వెతకాలి. లాజిక్‌కు ఇక్కడ విడిగా శాఖ లేదు. అనుమానం (సందేహం కాదు, హేతువును బట్టి తెలుసుకోవడం) ప్రమాణాల్లో ఒకటి. ఈస్థటిక్స్ (సౌందర్యశాస్త్రం) కోసం దర్శన సూత్రాలు తిరగేయకండి, ఆ చర్చంతా నాట్యశాస్త్రంలోనూ అలంకార గ్రంథాల్లోనూ ఉంది.

2. ఏ దర్శనమో తేల్చుకోండి. ప్రమాణాలు వైశేషికులకు 2, సాంఖ్యులకు 3, నైయాయికులకు (న్యాయదర్శనం వారికి) 4, వేదవిధులను విచారించే మీమాంసకుల్లో ప్రాభాకర శాఖవారికి 5, భాట్ట శాఖవారికీ, అద్వైతులకూ 6. "భారతీయుల ప్రకారం ప్రమాణాలు ఆరు" అని రాశారో, అక్కడే తప్పు దొర్లింది. చార్వాక, బౌద్ధ, జైనాలు వేదప్రామాణ్యాన్ని ఒప్పుకోవు. వాటిని వైదిక ఖాతాలో వేయకండి.

3. ఒకే ఉదాహరణను రెండు పద్ధతుల్లోనూ నడపండి. అసలు పని ఇదే. న్యాయదర్శనంలో: కొండమీద నిప్పుంది (ప్రతిజ్ఞ), పొగ ఉంది కనుక (హేతువు), పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలా (ఉదాహరణ), ఈ కొండా అలాంటిదే (ఉపనయం), కాబట్టి నిప్పుంది (నిగమనం). అరిస్టాటిల్‌కు మూడు వాక్యాలు చాలు. చాలామంది ఐదుకు మూడు అని లెక్కరాసి ఊరుకుంటారు. అది పైపై తేడా. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ ఐదు అవయవాలను (వాక్యాలను) ఎదుటివాడికి నచ్చజెప్పే పరార్థానుమానానికే చెప్పాడు.

లోతు తెలియాలంటే చెడ్డ వాదం పెట్టి చూడండి: పక్షులన్నీ ఎగురుతాయి, కొండలన్నీ పక్షులు, కాబట్టి కొండలన్నీ ఎగురుతాయి. అరిస్టాటిల్ లెక్కన రూపం నిర్దుష్టం, తప్పంతా ఆధారవాక్యాలది. నైయాయికుడు దీన్ని అనుమానంగానే ఒప్పుకోడు. హేతువైన పక్షిత్వం కొండలో లేదు గనుక ఇది స్వరూపాసిద్ధం అనే దోషం. నిప్పుకోడిని చూపిస్తే వ్యాప్తీ (పక్షి అయితే ఎగురుతుందనే నియమం) పోయి సవ్యభిచారం (హేతువు ఉన్నా సాధించాల్సింది లేకపోయే దోషం) కూడా అవుతుంది. ఆయనకు కావలసింది యథార్థజ్ఞానం, ఉత్త రూపం కాదు.

4. ఎథిక్స్‌లో పోలిక చూడగానే మురిసిపోకండి. జర్మన్ తత్త్వవేత్త కాంట్ కర్తవ్యాన్నీ మీమాంసకుల ధర్మాన్నీ ఒకటనేసేవారు కొల్లలు. కాంట్‌లో నియమాన్ని బుద్ధి తనకు తానే విధించుకుంటుంది. మీమాంసా సూత్రాల కర్త జైమినికి ధర్మం వేదవిధి వల్లే తెలుస్తుంది, ప్రత్యక్షానికి అందదు. అంటే ఇక్కడ ధర్మచర్చ మళ్లీ ప్రమాణచర్చలోకే వెళ్తుంది, మీరు పోలిక పట్టిక వేసుకుంటే అందులో ధర్మ, ప్రమాణ గడులను కలిపి రాయాలి.