పాప్ వాల్ట్జ్ రాసేటప్పుడు రెండో దెబ్బ సంగతి చూసుకోండి

వాల్ట్జ్ అంటే ఒకటి-రెండు-మూడు అని మూడు దెబ్బల లెక్కలో సాగే నడక. అందులో పాట కట్టేవాళ్లు చాలామంది కీబోర్డు మీద ఎడమచేత్తో "దుం-చక్-చక్" మొదలుపెట్టి చివరిదాకా అదే లాగిస్తారు. చరణం వచ్చేసరికి రంగులరాట్నం ఎక్కినట్టుంటుంది.

వియన్నా ఆర్కెస్ట్రాలు స్వరకర్త స్ట్రాస్ వాల్ట్జులు వాయించేటప్పుడు రెండో దెబ్బ కచ్చితంగా లెక్క మీద పడదు, రవ్వంత ముందే పడుతుంది. ఆ ఊపంతా అక్కడిదే. కంప్యూటర్‌లో క్వాంటైజ్ (ప్రతి దెబ్బనూ సరిగ్గా లెక్క మీదికి సర్దే సదుపాయం) నొక్కారంటే అది పోయినట్టే! అందుకని రెండో దెబ్బ మీది కార్డును (కలిసి మోగే స్వరాల గుంపును) చేత్తో కొద్దిగా ముందే పడేలా జరిపి వినండి. మూడోదాన్ని తేలిగ్గా వదిలేయండి.

డ్రమ్స్ దగ్గర ఇంకో చిక్కు. మామూలు పాప్‌లో స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్) 2, 4 దెబ్బల మీద ఉంటుంది, ఇక్కడ నాలుగే లేదు. రెండు బార్లను (ఇక్కడ మూడు దెబ్బలు ఒక బార్) కలిపి ఆరుగా లెక్కపెట్టి, స్నేర్‌ను నాలుగో దెబ్బ మీద పెట్టండి. పాత అమెరికన్ సోల్ పాటల 6/8 (ఆరు దెబ్బల) నడక వస్తుంది. నాకైతే వియన్నా కన్నా ఇదే ఇష్టం.

బేస్‌కి (అడుగున మోగే మంద్ర స్వరాలకి) మాత్రం అమెరికన్ గాయకుడు బిల్లీ జోయెల్ 1973 పాట 'పియానో మ్యాన్' వినాల్సిందే. 3/4లో, అంటే మూడు దెబ్బల లెక్కలో సాగే ఆ పాటలో బేస్ సి, బి, ఎ, జి అంటూ మెట్టుమెట్టుగా దిగుతుంది. కార్డులు మామూలివే అయినా పాట ముందుకు నడుస్తుంది.

తెలుగులో మాటలు రాస్తుంటే తిస్రగతి (మూడేసి మాత్రల నడక) ఎలాగూ అలవాటే. కాకపోతే ప్రతి పాదాన్నీ ఒకటో దెబ్బ మీదే ఎత్తుకోకుండా, ముందు బార్‌లోని మూడో దెబ్బ నుంచి కొన్ని పాదాలు అందుకోండి.