మన ఊరికి ఫైబర్ ఇంటర్నెట్: ప్రభుత్వ నిధుల కోసం అర్జీ పెట్టుకోవలసిన తీరు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సొంత ఊరి బడికో, పంచాయతీ కార్యాలయానికో మంచి ఇంటర్నెట్ రప్పించాలని పూనుకునేవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, దీనికి గ్రాంటు కోసం ఎక్కడ దరఖాస్తు చేసుకోవాలి అన్నది. గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్ కోసం ప్రభుత్వం కేటాయించిన సొమ్ము తక్కువేమీ కాదు, కానీ అది గ్రామం ఖాతాలో నగదుగా జమ కాదు. అమలు చేసే సంస్థల చేతుల మీదుగా కేబులుగా, పరికరాలుగా, కనెక్షన్లుగా ఊరికి చేరుతుంది. అందువల్ల గ్రామం తరఫున రాసే అర్జీలో ఎంత డబ్బు కావాలన్న మాట కంటే, ఏయే భవనాలకు, ఎన్ని ఇళ్లకు కనెక్షను కావాలి, ప్రస్తుతం కేబులు ఎక్కడి వరకు వచ్చి ఆగింది అన్న వివరాలే ఎక్కువగా పనిచేస్తాయి.

ఈ సొమ్ము ఎక్కడిదో తెలిస్తే అడిగే గొంతులో కొంత ధైర్యం వస్తుంది. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో, అంటే కొన్ని మినహాయింపులు పోగా మిగిలే రాబడిలో, 5 శాతాన్ని ఒక ప్రత్యేక నిధికి చెల్లిస్తాయి. 2002 నుంచి సార్వత్రిక సేవా నిధిగా ఉన్న దీన్ని 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. అంటే ఊళ్లో కూలీ చేసుకునే మనిషి వేయించుకునే ఫోన్ రీచార్జిలోని కొంత భాగం కూడా ఈ నిధికే చేరుతోంది. పంచాయతీలకు ఫైబర్ కేబులు వేసేందుకు 2011లో ఆమోదం పొందిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారి, ఈ నిధితోనే నడిచింది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం సవరించిన భారత్‌నెట్ కార్యక్రమానికి 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇందులో దేశంలోని సుమారు 2.64 లక్షల పంచాయతీలతో పాటు, పంచాయతీ కేంద్రాలు కాని దాదాపు 3.8 లక్షల గ్రామాలకు కూడా కనెక్షన్ ఇచ్చే వీలుంది. అయితే ఈ రెండో రకం గ్రామాలకు కోరిన మీదట మాత్రమే ఇస్తారు. శివారు పల్లెల్లో, తండాల్లో ఉండేవారు ఈ ఒక్క నిబంధనను తప్పక గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అడగనిదే ఆ ఊరి పేరు జాబితాలోకి ఎక్కదు.

అర్జీ రాయడానికి ముందు పంచాయతీ కార్యాలయానికి స్వయంగా వెళ్లి చూడాలి. చాలాచోట్ల కేబులు ఎప్పుడో వచ్చి ఉంటుంది, గోడకు తెల్లటి పెట్టె బిగించి ఉంటుంది, కానీ ఇంటర్నెట్ మాత్రం ఉండదు. ఆ పెట్టె మీది చిన్న దీపాలు అసలు సంగతి చెబుతాయి. ఏ దీపమూ వెలగకపోతే కరెంటు గానీ బ్యాటరీ గానీ లేదని అర్థం. ఎల్‌వోఎస్ అని రాసిన చోట ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటే ఫైబర్ ద్వారా వెలుతురు రావడం లేదన్నమాట, అంటే దారిలో ఎక్కడో కేబులు తెగి ఉండాలి లేదా బాగా వంగి ఉండాలి. పీవోఎన్ దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతూ కూడా ఇంటర్నెట్ రాకపోతే, కేబులు బాగానే ఉన్నట్టు, లోపం పైనున్న కేంద్రంలోనో కనెక్షన్ ఖాతాలోనో ఉన్నట్టు భావించవచ్చు. ఈ మూడింటికీ అర్జీలు వేర్వేరు. మొదటిదానికి పంచాయతీ స్థాయిలోనే పరిష్కారం దొరుకుతుంది, రెండోదానికి మరమ్మతు కోరాలి, మూడోదానికి సేవ పునరుద్ధరణ కోరాలి. అసలు పెట్టే లేని ఊరు మాత్రమే కొత్త కనెక్షన్ అడగాలి. దీపాలు కనిపించేలా ఫోటో తీసి, తేదీ వేసి అర్జీకి జతచేస్తే, మీ ఊరికి ఇప్పటికే ఇచ్చాం కదా అన్న జవాబుతో కాగితం తిరిగి రాదు.

తర్వాత తేల్చుకోవలసింది, ఆ కేబులు ఎవరిది అన్న సంగతి. తెలంగాణలో భారత్‌నెట్ రెండో దశను రాష్ట్ర ప్రభుత్వమే తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్ ద్వారా చేపట్టింది. దీన్నే అందరూ టీ-ఫైబర్ అంటారు, దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలను కూడా పరచాలన్నది ఈ పథకం ఆలోచన. మొదటి దశలో కేంద్ర సంస్థలు వేసిన కేబులు కూడా కొన్ని మండలాల్లో ఉండవచ్చు, అక్కడ బీఎస్ఎన్ఎల్‌ను అడగవలసి వస్తుంది. ఎంపీడీవో కార్యాలయంలో ఈ సమాచారం తీసుకుని, అర్జీ ప్రతిని టీ-ఫైబర్‌కు, బీఎస్ఎన్ఎల్‌కు, ఇద్దరికీ పంపడం మంచిది.

అర్జీకి బలమైన ఆధారం గ్రామసభ తీర్మానం. తీర్మానంలో ఊరి పేరుతో పాటు, ప్రతి పంచాయతీకీ ఊరికీ విడి సంఖ్య ఇచ్చే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలోని కోడ్ సంఖ్యను తప్పక రాయాలి. తెలంగాణలో 2018లో ఎన్నో తండాలు, శివారు గ్రామాలు కొత్తగా పంచాయతీలయ్యాయి. పాత జాబితాల్లో ఆ ఊళ్లు ఇంకా మాతృ పంచాయతీ పేరు కిందే ఉండే అవకాశం ఉంది. కోడ్ లేకపోతే ఒకే పేరున్న రెండు ఊళ్ల కాగితాలు తారుమారవుతాయి. తీర్మానం వాక్యం ఈ విధంగా ఉంటే సరిపోతుంది: "మా గ్రామంలోని ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం, ఆరోగ్య ఉపకేంద్రం, పంచాయతీ కార్యాలయాలకు ఫైబర్ కనెక్షన్ అవసరమని, ఇంటి కనెక్షన్ తీసుకొని నెలవారీ రుసుము చెల్లించడానికి సిద్ధమని సంతకాలు చేసిన కుటుంబాల జాబితాను దీనితో జతచేస్తున్నామని, పరికరాలకు గది, విద్యుత్తు పంచాయతీ సమకూరుస్తుందని గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది." చివరి రెండు మాటలు చాలా విలువైనవి. డబ్బు చెల్లించేవారి జాబితా, పరికరాలకు చోటు, రెండూ ఉన్న ఊరికి కనెక్షన్ ఇస్తే అది నిలబడుతుందన్న నమ్మకం అధికారికి కలుగుతుంది.

నిర్వహణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ ధనంతో వచ్చిన కనెక్షన్లు ఎక్కువగా మూలనపడేది ఇక్కడే. సవరించిన భారత్‌నెట్‌లో కేబులును వలయాకారంలో కలపాలని నిర్ణయించారు, కాబట్టి ఒకచోట తెగినా రెండో వైపు నుంచి సేవ అందుతుంది; పాత పద్ధతిలో ఒకచోట తెగితే ఆ దారిలో ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోయేవి. కానీ పంచాయతీ నుంచి ఇళ్ల దాకా వెళ్లే తీగను చూసుకునే మనిషి ఊళ్లోనే ఉండాలి. దీని కోసమే భారత్‌నెట్ ఉద్యమి అనే పద్ధతి పెట్టారు. స్థానిక యువకుడో, ఇప్పటికే కేబుల్ టీవీ నడుపుతున్నవారో ఇళ్లకు కనెక్షన్లిచ్చి, మరమ్మతులు చేసి, వచ్చే ఆదాయంలో సగం వాటా తీసుకుంటారు. ఒక ఊళ్లో 60 ఇళ్లు నెలకు 400 రూపాయల చొప్పున చెల్లిస్తాయనుకుంటే మొత్తం 24,000, అందులో ఉద్యమి వాటా 12,000. తీగలు, అతుకులు, పెట్రోలు ఖర్చులు పోగా ఒక కుటుంబం బతకడానికి అది చాలదు. అందుకే పక్కపక్కనున్న మూడు నాలుగు ఊళ్లు కలిసి ఒకే ఉద్యమిని ఎంచుకుని, ఉమ్మడి అర్జీ పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పంచాయతీ సొంతంగా కొంత ఖర్చు పెట్టదలచుకుంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పనిని ముందే చేర్చాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపడి ఉండగా, మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకునే వెసులుబాటు ఉండింది, జీతాలకు మాత్రం వాడకూడదు. ఆ తర్వాతి కాలానికి వర్తించే ఉత్తర్వులను పంచాయతీ కార్యదర్శి దగ్గర చూసుకోవాలి. ఎంపీకి ఏటా 5 కోట్ల రూపాయల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది, కానీ అది శాశ్వత ఆస్తులకే తప్ప నెలవారీ బిల్లులకు వర్తించదు. బడిలో కంప్యూటర్లకో, గ్రంథాలయ గదికో ఆ నిధిని కోరి, కనెక్షన్‌ను భారత్‌నెట్ నుంచి తెచ్చుకోవడం తెలివైన పని.

రోడ్డు పక్కన తవ్వే అనుమతుల విషయంలో 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు అమల్లో ఉన్నాయి. దరఖాస్తు పని కంపెనీదే అయినా, పంచాయతీ రోడ్డు మీద అభ్యంతరం లేదని సర్పంచ్ ముందుగానే రాసిచ్చి ఉంచితే ఆలస్యం తగ్గుతుంది.

ఫైబర్ వచ్చిన తర్వాత ఊరి కూడలిలో వైఫై పెట్టాలనుకునే కిరాణా దుకాణదారుకు 2020 డిసెంబరులో ఆమోదం పొందిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం ఉపయోగపడుతుంది. ఇందులో దుకాణదారుకు లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ రుసుము గానీ అవసరం లేదు. ఇక హైదరాబాద్‌లో గ్రామీణ సమాచార పరికరాలు తయారుచేసే అంకుర సంస్థలు, పరిశోధకుల దారి వేరు. డిజిటల్ భారత్ నిధి కింద 2022 అక్టోబరులో మొదలైన టెలికాం సాంకేతిక అభివృద్ధి నిధి వారికి నేరుగా గ్రాంటు ఇస్తుంది. నిజమైన అర్థంలో గ్రాంటు ప్రతిపాదన రాయవలసింది వీరే, ఆ ప్రతిపాదనలో పరికరం ఏ పల్లె సమస్యను తీరుస్తుందో మొదటి పేజీలోనే ఉండాలి.

గ్రామం అర్జీ విషయానికి వస్తే, ఇచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ సంఖ్య తీసుకోవాలి. నెల దాటినా కదలిక లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో ఎందుకు ఆలస్యం అని అడిగితే పొడిపొడి సమాధానమే వస్తుంది. మా గ్రామానికి కేబులు ఏ తేదీన చేరినట్టు రికార్డులో ఉంది, పరికరం చివరిసారి ఎప్పుడు పనిచేసినట్టు నమోదైంది, మరమ్మతు ఒప్పందం ఎవరితో ఉంది, దాని గడువు ఎప్పటి దాకా అని విడివిడిగా అడిగి, సంబంధిత కాగితాల నకళ్లు కోరాలి.