బరువు అంతే ఉంది, కింద కూర్చుంటే మాత్రం లేవలేకపోతున్నారా?

సమస్య: కాటా మీద బరువు ఏళ్ల తరబడి మారలేదు. పొట్ట మాత్రం ముందుకొచ్చింది, పిక్కలు సన్నబడ్డాయి. పూజలో కింద కూర్చుంటే ఒక చేయి నేలకు, ఇంకో చేయి మోకాలికి ఆనిస్తేనే లేవగలరు. మా అమ్మ అలాగే లేచేది. వయసైపోయిందని సరిపెట్టుకున్నాం. అది మా పొరపాటు.

ముందు రెండు కొలతలు చూసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. తర్వాత గోడకు ఆనించిన కుర్చీలో, చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు పట్టినా, ఇంకా ఎక్కువైనా కాళ్లలో సత్తువ తగ్గినట్టే.

కారణం: పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఊరికే పడి ఉండదు. ఉబ్బిన కొవ్వు కణాలు కొన్ని చచ్చిపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి మ్యాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు వచ్చి, అక్కడే తిష్ఠ వేసి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి, మంట (ఇన్‌ఫ్లమేషన్) రగిలించే పదార్థాలు వదులుతుంటాయి. జ్వరం రాదు, నొప్పి తెలియదు, నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. దాంతో కండలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ప్రొటీన్ తిన్నా కండ పట్టడం మందగిస్తుంది. కండ పోగుల మధ్యకూ కొవ్వు చేరుతుంది, అందుకే తొడ నిండుగా కనిపించినా బలం ఉండదు. ముసలితనంలో శరీరంలో రగిలే మంట కూడా ఇలాంటిదే. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో డీఎన్‌ఏ గుర్తులను బట్టి చూస్తే, బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 10 ఎక్కువున్నవాళ్ల కాలేయం 3.3 ఏళ్లు ముదిరినట్టు తేలింది.

పరిష్కారం: దయచేసి కడుపు మాడ్చుకోవద్దు. తిండి ఒక్కటే తగ్గిస్తే పోయే బరువులో దాదాపు పావు వంతు కండే. తిండి కాస్త తగ్గిస్తూనే వారానికి కనీసం రెండు రోజులు కండకు పని చెప్పాలి. అమ్మకు కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాం, అక్కడి నుంచి రోజూ పదిసార్లు లేవడం. అలవాటయ్యాక ఒక దిండు తీశాం, తర్వాత రెండోది. నడక మంచిదే కానీ అదొక్కటే చాలదు.

ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము చొప్పున, పూటపూటకూ పంచుకోవాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, కుదిరితే చేప. కిడ్నీ జబ్బుంటే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఒంట్లో మంట ఎంతుందో చెప్పే రక్తపరీక్ష హెచ్‌ఎస్-సీఆర్‌పీలో లెక్క 3 (లీటరుకు మిల్లీగ్రాములు) దాటిందా? జలుబు, జ్వరం ఉన్నప్పుడు చేయిస్తే ఆ లెక్క పనికిరాదు, తగ్గాక మళ్లీ చేయించండి. ఒక కాలే బలహీనపడినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా ఇంట్లో ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.