వీఆర్ హెడ్‌సెట్ మొదటిసారి పెట్టుకుంటున్నారా? రోలర్ కోస్టర్ మాత్రం ఎక్కకండి

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్ళకి డబ్బా తగిలించుకుంటే ఉత్తుత్తి లోకం మన చుట్టూ ఉన్నట్టే కనపడుతుంది. మా విజయనగరంలో చాలామందికి వీఆర్ అంటే తెలిసింది ఒకటే, ఎగ్జిబిషన్‌లో ఓ మూలన చిన్న టెంటు, ఒక ఊగే కుర్చీ, మొహానికి ఒక డబ్బా, అందులో రోలర్ కోస్టర్. నేనూ అక్కడే మొదలెట్టాను. మూడు నిమిషాలన్నాడు, రెండో నిమిషానికే డబ్బా పీకేసి బయటికొచ్చి సోడా తాగి గోడకి చేరబడి కూచున్నాను. అప్పట్నించీ ఎవరు వీఆర్ మాటెత్తినా "అది మన ఒంటికి పడదురా" అనేవాణ్ణి. తర్వాత పైడితల్లమ్మ పండక్కి మా బావ హైదరాబాద్ నుంచి క్వెస్ట్ 3 అని మెటా (ఫేస్‌బుక్ వాళ్ళ కంపెనీ) హెడ్‌సెట్ పట్టుకొచ్చాడు, నేను వద్దన్నా వినకుండా తలకి తగిలించేశాడు, పదిహేను నిమిషాలు ఆడాను, ఏటీ అవలేదు. ఒళ్ళు అదే, మారిందల్లా గేమ్, పెట్టుకున్న పద్ధతి. అందుకే మొదటిసారి ట్రై చేసేవాళ్ళు ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో, మా ఇంట్లో పడ్డ పాట్లతో సహా రాస్తున్నాను.

ముందు మీ చేతికొచ్చింది ఏ రకమో చూసుకోండి

ఫోన్ లోపల పెట్టే డబ్బాలు ఒక రకం. గూగుల్ కార్డ్‌బోర్డ్ 2014లో వచ్చింది, మన దగ్గర 2023లో జియోడైవ్ అని 1,299 రూపాయలకి వచ్చింది, అవన్నీ ఈ జాతే. వీడియోలు చూడ్డానికి పర్లేదు గానీ గేమింగ్ ఇలాగే ఉంటుందని దీన్ని బట్టి లెక్కెయ్యకండి. ఎందుకంటే ఫోన్‌కి మీరు తల తిప్పింది తెలుస్తుంది, ముందుకి వంగినా పక్కకి జరిగినా తెలీదు. మీరు వంగుతారు, బొమ్మ మాత్రం మీతోపాటే ముందుకి జరిగిపోతుంది, బుర్ర తికమక పడిపోతుంది.

రెండో రకం సొంతంగా పనిచేసేవి, మెటా క్వెస్ట్ 2, 3, 3ఎస్ లాంటివి. వీటికి బయటివైపు కెమెరాలుంటాయి, అవి గదిని చూసి మీరు ఎక్కడున్నారో కనిపెడతాయి, కాబట్టి వంగినా కూచున్నా ఓ అడుగు పక్కకేసినా లోపల కూడా అలాగే జరుగుతుంది. మూడోది ప్లేస్టేషన్ వీఆర్ 2, అది సోనీ వాళ్ళ గేమ్ డబ్బా పీఎస్ 5 కోసం చేసింది, వైర్ కూడా ఉంటుంది. మంచి గేమింగ్ పీసీ ఉన్నవాళ్ళు క్వెస్ట్‌ని దానికి కలిపి హాఫ్ లైఫ్ అలిక్స్ లాంటి పెద్ద గేమ్స్ ఆడొచ్చు, కానీ మొదటిరోజే ఆ గొడవ ఎందుకు.

మొదటిసారికి కొనక్కర్లేదు. తెలిసినవాళ్ళ దగ్గరుంటే అడగండి, లేదంటే వైజాగ్ వెళ్ళినప్పుడు మాల్స్‌లో వీఆర్ గేమ్ జోన్ ఏదైనా ఉందేమో చూడండి, ఇక్కణ్ణించి అరవై కిలోమీటర్లేగా, ఎలాగూ ఏదో పనిమీద వెళ్తాం. డబ్బులిచ్చే ముందు మాత్రం మూడు విషయాలు అడగండి: చేతుల్లో పట్టుకునే కంట్రోలర్స్ ఉన్నాయా, నిలబడి ఆడేదా కుర్చీలో కూచోబెట్టి తిప్పేదా, ఒకళ్ళు ఆడాక మొహం ఆనే చోట తుడుస్తారా. కుర్చీ అంటే వచ్చెయ్యండి. తుడవకపోయినా వచ్చెయ్యండి, కళ్ళకలక అంటుకుంటే వారం పోతుంది.

గది

ఇంట్లో ఆడేటట్టయితే అసలు పనంతా ఇక్కడే ఉంది. నడుస్తూ ఆడే గేమ్స్‌కి కనీసం రెండు మీటర్లకి రెండు మీటర్లు ఖాళీ కావాలి, అంటే ఆరున్నర అడుగులు ఇటూ అటూ. మన పది బై పది గదుల్లో మంచం, బీరువా, బియ్యం డ్రమ్ము పోగా మిగిలేది ఎంత? మేం మంచం గోడకి నిలబెట్టేశాం.

ఫ్యాన్ సంగతి అమెరికా వాళ్ళ వీడియోల్లో పెద్దగా చెప్పరు, మనం చూసుకోవాలి. సీలింగ్ ఫ్యాన్ కింద నిలబడి చెయ్యి పైకెత్తారంటే, పాత ఇళ్ళలో స్లాబ్ తక్కువ ఎత్తులో ఉంటుంది కదా, కంట్రోలర్ పోయినా పర్లేదు గానీ వేళ్ళు పోతాయి. కాబట్టి సీలింగ్ ఫ్యాన్ ఆపి, టేబుల్ ఫ్యాన్ ఒకటి ఎదురుగా కాస్త దూరంలో పెట్టండి. గాలి మొహానికి తగిలితే కడుపులో తిప్పడం కొంచెం తగ్గుతుంది, పైగా గాలి ఎటునుంచి వస్తోందో దాన్నిబట్టి గదిలో ఎటు తిరిగి ఉన్నారో కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది. ఇంకో చిట్కా ఏటంటే కాళ్ళకింద చిన్న చాపో డోర్ మ్యాటో పరవండి, జారనిది అయితేనే సుమా. కాలికి చల్లటి గచ్చు తగిలిందంటే మధ్యలోంచి జరిగిపోయారని అర్థం.

లైటు ఉండాలి. చీకట్లో కెమెరాలకి గది కనపడదు, హెడ్‌సెట్ గోల పెడుతుంది. అలాగని కిటికీ ఎండలో ఆడకండి. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టినప్పుడు కూడా అద్దాలు ఎండవైపు లేకుండా చూసుకోండి, చిన్నప్పుడు భూతద్దంతో కాయితం కాల్చేవాళ్ళం గుర్తుందా, ఈ లెన్సులూ అదే పని చేస్తాయి, లోపల స్క్రీన్ మీద మచ్చ పడితే ఇంక అంతే. పెద్ద అద్దం ఉంటే దుప్పటి కప్పండి, ప్రతిబింబం చూసి కూడా కెమెరా తికమక పడుతుంది. మా ఇంట్లో అయితే పండక్కి వేసిన సీరియల్ బల్బులు దెబ్బేశాయి, కంట్రోలర్‌లో ఉండే చిన్న చిన్న లైట్లని బట్టే హెడ్‌సెట్ చేతుల్ని కనిపెడుతుంది, ఈ బల్బుల్ని చూసి అదీ ఇదీ తేల్చుకోలేక నా ఎడం చెయ్యి గదిలో ఎక్కడికో ఎగిరిపోయింది. అరగంట రీస్టార్ట్‌లు కొట్టాక మా అప్ప (అదే, అక్క) వచ్చి "ఆ బల్బులు ఆపి చూడరా" అంది. ఆపాం, చెయ్యి తిరిగొచ్చింది.

తలకి సరిగ్గా పెట్టుకోవడం

బొమ్మ మసగ్గా ఉంది, తలనొప్పొస్తోంది అనేవాళ్ళలో చాలామందికి అసలు సమస్య ఇదే. మీ రెండు కంటిపాపల మధ్య దూరానికి తగ్గట్టు లెన్సులు జరపాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు షాపులో ఈ దూరం, అంటే పీడీ, ఎంతో అడిగితే చెప్తారు, లేనివాళ్ళు అద్దం ముందు స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. క్వెస్ట్ 3లో కింద చిన్న చక్రం ఉంటుంది, తిప్పుతూ బొమ్మ తేటగా అయ్యేదాకా చూసుకోవాలి. క్వెస్ట్ 2, 3ఎస్‌లో అయితే 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు స్థానాలే, దగ్గరున్నదాంట్లో పెట్టుకోవడమే.

పట్టీ సంగతి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, అంటే అరకేజీ పైన, అదంతా బుగ్గల మీద మోస్తే పావుగంటకే మొహం వాచిపోయినట్టుంటుంది. వెనక పట్టీ తల వెనక కిందికి, మెడ మొదలయ్యే చోటుకి దగ్గరగా దించండి, పైపట్టీ లాగి బిగించండి, అప్పుడు బరువు నెత్తిమీదకి వెళ్తుంది. బిగించడమంటే గట్టిగా కట్టెయ్యడం కాదు, తల ఊపితే జారకుండా ఉంటే చాలు. తర్వాత డబ్బాని కాస్త పైకీ కిందికీ జరుపుతూ అక్షరాలు స్పష్టంగా కనపడే చోట ఆపండి.

కళ్ళజోడు తీసి పెట్టుకోవాలా అని అడుగుతారు, దూరంవి కనపడనివాళ్ళు తీస్తే లోపల కూడా మసకే. జోడుతోనే పెట్టుకోండి, కానీ జోడు అద్దం లెన్సుకి తగిలి గీత పడకుండా మధ్య ఖాళీ పెంచుకోండి, క్వెస్ట్ 3లో దానికి సర్దుబాటు ఉంది. ఇంకోటి, తలకి నూనె రాసుకుని, మొహానికి పౌడర్ కొట్టి, బొట్టు పెట్టుకుని దీన్ని తగిలించొద్దు. చెప్తే నవ్వుతారు గానీ మా బావ హెడ్‌సెట్ స్పాంజి మీద కుంకుమ మచ్చ ఇప్పటికీ ఉంది.

గీత గీసుకోవడం, ఆ తర్వాత చేతులు

పెట్టుకోగానే హెడ్‌సెట్ బౌండరీ అడుగుతుంది. కెమెరాల్లోంచి గది కనిపిస్తుంటే కంట్రోలర్‌తో నేలమీద గీత గీస్తాం, ఆ గీత దగ్గరకి వెళ్తే గళ్ళ గోడ ఒకటి లేస్తుంది, దాటితే గది కనపడిపోతుంది. గోడకి ఆనించి గీయకండి, చెయ్యి చాపే జాగా లోపలికి వదిలి గీయండి, ఎందుకంటే గళ్ళు కనపడేసరికి చెయ్యి ఆల్రెడీ స్పీడ్‌లో ఉంటుంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే డబ్బా పక్కన రెండుసార్లు తడితే బయట కనపడేలా పెట్టుకోవచ్చు. కంట్రోలర్ తాడు మణికట్టుకి వేసుకోవడం మాత్రం మర్చిపోవద్దు, టీవీలు పగిలేది అది వేసుకోని వాళ్ళ ఇళ్ళలోనే.

కొత్తవాళ్ళకైతే హెడ్‌సెట్ పెట్టకముందే బటన్లు చూపించండి, చూపుడువేలు కిందది ట్రిగ్గర్, మధ్యవేలు కిందది పట్టుకోడానికి. పెట్టాక "ఆ బటన్ నొక్కు, అది కాదు, ఆ పక్కది" అని అరిస్తే వాళ్ళకేం తెలుస్తుంది.

మొదటి గేమ్

సాలూరు ఘాట్‌లో బస్సెక్కినవాళ్ళకి ఈ ముక్క బేగి అర్థమవుతుంది. బస్సులో ఒళ్ళు మలుపులు తిరుగుతుంది, కళ్ళకి మాత్రం ఎదురు సీటు కదలకుండా కనపడుతుంది, రెండింటికీ పొంతన కుదరక కడుపు తిరగబడుతుంది. వీఆర్‌లో తిరకాసు దీనికి రివర్స్, కళ్ళు పరుగెడుతున్నాం అంటాయి, చెవి లోపల ఉండే బ్యాలెన్స్ చూసే భాగం మాత్రం కదల్లేదుగా అంటుంది. అదే ఘాట్‌లో డ్రైవర్‌కి ఏమీ అవదు చూడండి, మలుపు ముందే తెలుసు కాబట్టి. రోలర్ కోస్టర్‌లో మీరు డ్రైవర్ కాదు, వెనక సీట్లో కిటికీ దొరకని పాసింజర్. కార్ రేసులు, విమానాలు, జాయ్‌స్టిక్‌తో పరుగెట్టి కాల్చే గేమ్స్ అన్నీ ఆ కోవలోవే, తర్వాత చూద్దురు గాని.

మొదట ఆడాల్సింది మీరు కదిలితేనే లోకం కదిలే గేమ్. క్వెస్ట్ 3లో ఫస్ట్ ఎన్‌కౌంటర్స్ అని ఉచితంగా ఉంటుంది, మీ గదే కనపడుతూ ఉంటుంది, గోడలు బద్దలవుతాయి, బొచ్చు బంతుల్లాంటి చిన్న ప్రాణులు దూకుతాయి, మీరు ఉన్నచోటే ఉంటారు. భయం పోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. తర్వాత బీట్ సేబర్, పాటకి తగ్గట్టు ఎర్ర, నీలం దిమ్మలు ఎదురొస్తాయి, ఎడం చేతి ఎర్రకత్తితో ఎర్రవి, కుడిచేతి నీలంతో నీలంవి బాణం చూపించిన వైపు నరకాలి, అంతే. కాలు కదిపే పని పెద్దగా లేదు, చెమట మాత్రం పట్టేస్తుంది. సూపర్‌హాట్ కూడా బావుంటుంది, మీరు కదిలితేనే అందులో టైమ్ కదులుతుంది, బుల్లెట్ గాల్లో ఆగి ఉంటే పక్కకి వంగి తప్పించుకోవచ్చు. స్టోర్‌లో చాలా గేమ్స్‌కి కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసి ఉంటుంది, మొదటి వారం కంఫర్టబుల్ దాటొద్దు.

నడిచే గేమ్స్‌కి వచ్చాక సెట్టింగ్స్‌లో మూడు చూడండి. టెలిపోర్ట్ అంటే చూపించిన చోటుకి ఒక్కసారిగా వెళ్ళిపోవడం, స్నాప్ టర్న్ అంటే మెల్లగా తిరక్కుండా టకటకా తిరగడం, విన్యెట్ అంటే కదిలేటప్పుడు చూపు అంచులు నల్లబడటం. చూడ్డానికి ముతగ్గా ఉంటాయి, కడుపుకి మంచివి. సిగ్గుపడి ఆపెయ్యకండి.

ఎంతసేపు

పది నిమిషాలు. బానే ఉన్నా పదే. ఇది ఎవరూ వినరని తెలుసు, నేనూ రెండోరోజు వినలేదు. ఒళ్ళు వెచ్చబడటం, చల్లటి చెమట, ఆవులింతలు, నోట్లో నీళ్ళూరడం, వీటిలో ఏదొచ్చినా అక్కడికక్కడే తీసెయ్యండి. ఓర్చుకుంటే అలవాటవుద్ది అనుకోవద్దు, ఓర్చుకున్నకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది, ఆ రోజంతా పోతుంది, పైగా మర్నాడు హెడ్‌సెట్ చూస్తేనే వికారం. తీసి, కూచుని, దూరంగా ఏదైనా చూస్తూ నీళ్ళు తాగండి. తగ్గాక మర్నాడు మళ్ళీ పది, అలా అలా పెంచుకోవచ్చు. భోంచేసిన వెంటనే వద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. ఆడిన వెంటనే బండి తియ్యకండి, తల పూర్తిగా కుదుటపడాలి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా అసలు పెట్టుకోవద్దు.

ఇంటినిండా జనం ఉంటే

బొమ్మని ఫోన్‌కో టీవీకో కాస్ట్ చెయ్యండి, అంటే లోపల కనపడేదే అక్కడా కనపడేలా పెట్టండి. లేకపోతే లోపలున్నవాడు ఏం చూసి అరుస్తున్నాడో బయటవాళ్ళకి తెలీదు, ఎవరో ఒకళ్ళు భుజం మీద చెయ్యేస్తారు, వాడు ఉలిక్కిపడి కొడతాడు. తాకొద్దు, పేరుపెట్టి పిలవండి. ఒక మనిషి కాపలా ఉండాలి, చిన్నపిల్లలు సరిగ్గా చెయ్యి ఊపే ఎత్తులోకే పరిగెత్తుకొస్తారు మరి. గుంటలు మాకూ మాకూ అంటారు, మెటా వాళ్ళు పదేళ్ళ లోపు పిల్లలకి వద్దనే అంటారు, పీఎస్ వీఆర్ 2కి అయితే పన్నెండు. మేం "అయ్యో ఛార్జింగ్ అయిపోయింది" అని తప్పించుకున్నాం. అబద్ధం కూడా కాదు, రెండుగంటలకి అటూ ఇటూగా బ్యాటరీ నిజంగానే అయిపోతుంది.

అప్పటికీ కొనాలనిపిస్తే

పదిరోజులు ఆగి చూడండి, అప్పటికీ బుర్రలో తిరుగుతుంటే 3ఎస్ చాలు. 2024లో 300 డాలర్లకి మొదలైంది, గేమ్స్ అన్నీ 3లో ఆడేవే ఆడుతుంది, లెన్సులు, స్క్రీన్ కొంచెం తక్కువ రకం. మన దగ్గర ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళలో బయట్నించి తెప్పించేవాళ్ళు ఉంటారు, రేటు ఎక్కువ పడుతుంది, అందుకని బిల్లు ఇస్తారా, పాడైతే ఎవరు చూస్తారు అని ముందే అడిగి, జవాబు మెసేజ్‌లో ఉంచుకోండి. గేమ్స్ ఒక్కోటి జీబీలకి జీబీలు, వైఫై లేకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీద దింపితే ఆ రోజు డేటా ఆవిరే.

మా బావ ఇప్పుడు పండక్కి వస్తే హెడ్‌సెట్ బ్యాగ్‌లోంచి తీసేలోపే మా అప్ప కొంగు బొడ్లో దోపి, టీవీ తనే గోడవైపు జరిపేసి, ఫ్యాన్ స్విచ్ కట్టేసి, "ముందు నేను రా, ఆ కత్తుల ఆట పెట్టు" అంటుంది.