వెబ్ ఆప్షన్లకు ముందు కళాశాల ర్యాంకును ఎలా చదవాలి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడగానే కూడళ్లలో కళాశాలల ఫ్లెక్సీలు వెలుస్తాయి. చాలావాటి మీద ఏదో ఒక ర్యాంకు పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ ర్యాంకు ఎవరు ఇచ్చారో, దేనిని కొలిచి ఇచ్చారో ముందుగా తేల్చుకోవాలి. మిగతావాటిని పక్కనపెట్టి, కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రకటిస్తున్న విద్యాసంస్థల ర్యాంకుల జాబితా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌నే చూద్దాం. దాని లెక్క కనీసం బయటికి కనిపిస్తుంది.

ఇంజినీరింగ్ విభాగంలో నూటికి బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు ముగించినవారి ఫలితాలకు 20, సామాజిక, ప్రాంతీయ వైవిధ్యానికి 10, పేరుప్రతిష్ఠలకు 10 మార్కులు కేటాయించారు. అంటే, బీటెక్ కాగానే ఉద్యోగంలో చేరదలచిన విద్యార్థికి పెద్దగా అక్కరకు రాని పరిశోధన పత్రాలు కూడా ర్యాంకును పైకి లేపగలవు. జాబితా నడుమ పదిహేను స్థానాల తేడా కొద్దిపాటి మార్కులదే కనుక దానికోసం ఆప్షన్ల వరుస మార్చుకోనక్కరలేదు.

ర్యాంకు కన్నా దాని కోసం కళాశాల సమర్పించిన సమాచార పత్రమే ఎక్కువ పనికొస్తుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైటులో దొరికే ఆ పీడీఎఫ్‌ను తెరిచి, నాలుగేళ్ల కోర్సు ప్లేస్‌మెంట్ల పట్టిక చూడండి. ఉదాహరణకు, లేటరల్ ఎంట్రీ వారితో (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారితో) కలిపి 600 మంది చేరగా 450 మంది గడువులో పట్టా పొందారని, 270 మందికి ఉద్యోగాలు, 30 మందికి పైచదువులు దక్కాయని, మధ్యస్థ వేతనం 5 లక్షలని ఉందనుకుందాం. మధ్యస్థ వేతనమంటే ఉద్యోగం వచ్చినవారి జీతాలను వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచేది. కాబట్టి 5 లక్షలో అంతకు మించో అందుకున్నది దాదాపు 135 మంది. చేరిన 600 మందిలో నాలుగోవంతు కూడా కాదు. ఫ్లెక్సీ మీద మెరిసే అత్యధిక ప్యాకేజీ ఆ 135లో ఒక్కరిది. తర్వాత అధ్యాపకుల పట్టికలో చేరిన తేదీలు చూడండి. ఎక్కువమంది ఒకే నెలలో కొత్తగా చేరి ఉంటే కారణం అడగవలసిందే.

అయితే ఇవి కళాశాల తానుగా ఇచ్చుకున్న అంకెలు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం లెక్కలను అక్కడి గణిత ఆచార్యుడే ప్రశ్నించగా, ఒక ప్రముఖ జాబితాలో 2వ స్థానంలో ఉన్న ఆ సంస్థ 2022లో 18కి దిగింది. పైగా మన పత్రంలో బ్రాంచీలన్నీ కలిసిపోయి ఉంటాయి. సివిల్ విద్యార్థి కంప్యూటర్ సైన్సు వారి జీతాలు చూసి మురిసిపోతే ప్రయోజనం లేదు. బ్రాంచీ సంగతికి, ఒక్కో కోర్సు నాణ్యతను విడిగా పరిశీలించి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఎప్పటివరకు ఉందో చూసుకుని, పని దినాన కళాశాలకు వెళ్లి మూడో ఏడాది విద్యార్థులను రెండు ప్రశ్నలు అడగండి: పోయిన సెమిస్టరులో ల్యాబ్ ఎన్ని వారాలు జరిగింది, ఎన్ని సబ్జెక్టులకు లెక్చరర్లు నడుమ మారారు?