పాత్ర గురించి రాద్దామని కూర్చుంటే కథ రాసేస్తున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నవల ముగించాక, యానిమేషన్ సినిమా చూశాక ఒక పాత్ర రోజుల తరబడి మనసులో తిరుగుతూ ఉంటుంది. తీరా దాని మీద నాలుగు పేజీలు రాస్తే ఆ పాత్ర తప్ప మిగతావన్నీ అందులో ఉంటాయి. డిగ్రీ విద్యార్థుల అసైన్‌మెంట్లలోనూ, సినిమా మీద ప్రేమతో రాసేవాళ్ల వ్యాసాల్లోనూ నాకు పదేపదే ఎదురయ్యే ఇబ్బందులు కొన్నే. లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోవడానికి వీలుగా వాటిని ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా గురజాడ ‘కన్యాశుల్కం’ నుంచి, పిక్సార్ తీసిన ‘ఫైండింగ్ నీమో’ (2003) నుంచి, జపాన్ దర్శకుడు మియాజాకీ ‘స్పిరిటెడ్ అవే’ (2001) నుంచి తీసుకున్నాను. వీటి ముగింపులు కూడా చెప్పేస్తున్నాను కాబట్టి చూడనివాళ్లు, చదవనివాళ్లు ముందు ఆ పని చేసి రావడం మంచిది.

సమస్య: రాసిందంతా కథ సారాంశంలా తేలుతోంది

లక్షణం తేలిగ్గానే తెలిసిపోతుంది. పేరాకి రెండు మూడు సార్లు ‘ఆ తర్వాత’, ‘దాంతో’, ‘ఇంతలో’ వస్తుంటాయి. చివరి పేరాలో మాత్రం ‘ఈ విధంగా ఈ పాత్ర ఎంతో ఎదిగింది’ అని ఒక వాక్యం ఉంటుంది.

కారణం: పాత్రకి జరిగినదాన్నీ, పాత్ర చేసినదాన్నీ ఒకే గాటన కట్టడం. ‘ఫైండింగ్ నీమో’ మొదట్లో బారకూడా చేప దాడి చేస్తుంది. మార్లిన్ అనే చేప భార్య, గుడ్లన్నీ పోయి ఒక్క గుడ్డు మిగులుతుంది, అదే నీమో. అది అతనికి జరిగింది. ఆ మిగిలిన బిడ్డకి ఎప్పటికీ ఏమీ కానివ్వనని అతను అనుకోవడం మాత్రం అతని నిర్ణయం. దాడి గురించి పేజీ రాసి, ఆ నిర్ణయం గురించి ఒక్క ముక్క కూడా రాయకపోతే మన దగ్గర మిగిలేది కథే.

పరిష్కారం: పాత్ర నిర్ణయం తీసుకున్న చోట్లు మాత్రమే ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఒకేలాంటి ఒత్తిడి ఉన్న రెండు చోట్లు వెతకండి, ఒకటి మొదట్లోది, ఒకటి చివర్లోది. రెండింటినీ పక్కపక్కన పెట్టండి.

మార్లిన్ విషయంలో మొదటి చోటు బడి మొదటి రోజు. నీమోకి ఒక రెక్క చిన్నది. తోటిపిల్లల ముందే తండ్రి వాణ్ని కోప్పడతాడు, ఇవన్నీ నీవల్ల అయ్యే పనులు కావంటాడు. పిల్లాడికి రోషం వచ్చి దూరంగా ఆగి ఉన్న పడవ దాకా ఈదుకుంటూ వెళ్తాడు, డైవర్‌కి దొరికిపోతాడు. రెండో చోటు చివర్లో వస్తుంది. కొడుకుని వెతికే దారిలో మార్లిన్‌కి తోడైన డోరీ అనే చేప, ఇంకా బోలెడు చేపలు మత్స్యకారుల వలలో చిక్కుకుంటాయి. లోపలికి వెళ్లి అందర్నీ ఒకేసారి కిందికి ఈదమని చెప్తానంటాడు నీమో. ఆ ఉపాయం వాడికి అక్వేరియంలో తోటిచేపల దగ్గర పట్టుబడింది. మార్లిన్ ముందు వద్దంటాడు, తర్వాత వదిలేస్తాడు.

రెండు చోట్లా అదే తండ్రి, అదే చిన్న రెక్క. పైగా రెండోసారి ప్రమాదం మొదటిదానికంటే ఎంతో పెద్దది. అయినా జవాబు మారింది. వ్యాసం రాయాల్సింది ఆ తేడా గురించి. ఒక సముద్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా అతను ఎలా ఈదాడో సినిమా చూసినవాళ్లందరికీ తెలుసు.

సమస్య: పాత్ర చివర్లో ఉన్నట్టుండి మారిపోయినట్టు అనిపిస్తోంది

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. రచయిత నిజంగానే మధ్య మెట్లు వేయకపోవచ్చు. లేదా అవి ఉన్నా మన కంట పడకపోవచ్చు. రెండో అవకాశాన్ని పూర్తిగా పరిశీలించకుండా మొదటి మాట అనకూడదు.

మార్లిన్‌కే వద్దాం. చాలామంది వ్యాసాల్లో షార్క్‌లు ఉంటాయి, జెల్లీఫిష్‌లు ఉంటాయి, తాబేళ్లని మాత్రం నవ్వుకునే ఘట్టంగా వదిలేస్తారు. అసలు మెట్టు అక్కడే ఉంది. క్రష్ అనే తాబేలు కొడుకు స్క్విర్ట్ ప్రవాహంలోంచి బయటికి జారిపోతాడు. మార్లిన్ కంగారుగా అటు ఉరకబోతాడు. క్రష్ ఆపి, వాడంతట వాడు ఏం చేస్తాడో చూద్దామంటాడు. పిల్లాడు తిరిగి వస్తాడు, పైగా సంబరంగా వస్తాడు. పిల్లలు సిద్ధమయ్యారని ఎలా తెలుస్తుందని మార్లిన్ అడిగితే, మనకి ఖాయంగా ఎప్పటికీ తెలియదన్నది క్రష్ జవాబు సారాంశం. తిమింగలం నోట్లో పట్టు వదలమని డోరీ అన్నప్పుడు మార్లిన్‌కి ఇదే భయం మళ్లీ ఎదురవుతుంది. ఏమీ కాదని నీకెలా తెలుసంటే తనకి తెలియదంటుంది డోరీ. అయినా అతను వదులుతాడు. ఈ రెండూ లేకపోతే వల దగ్గరి నిర్ణయాన్ని మనం నమ్మేవాళ్లం కాదు.

ఇంకో చిన్న వివరం నాకు చాలా ఇష్టం. తాబేళ్లు ఎన్నేళ్లు బతుకుతాయని బడికి వెళ్లేరోజు నీమో అడుగుతాడు. మార్లిన్‌కి తెలియదు, ఎప్పుడైనా తాబేలు కనిపిస్తే అడుగుతానంటాడు. క్రష్‌ని వయసు అడిగితే 150 అని తెలుస్తుంది. కొడుకు మాట అంత ప్రయాణంలోనూ గుర్తుంచుకున్నాడంటే అప్పటికే అతను చెప్పే తండ్రి నుంచి వినే తండ్రి అవుతున్నాడు. ఇలాంటివి రెండోసారి చూస్తేనే దొరుకుతాయి.

పరిష్కారం: చివరి నిర్ణయం నుంచి వెనక్కి నడవండి. ‘ఇది చేయాలంటే ఇతనికి అంతకుముందే ఏం అర్థమై ఉండాలి?’ అని ప్రశ్న వేసుకుని, ఆ అర్థమైన చోటు వెతకండి. నిజాయితీగా వెతికినా దొరకకపోతే అది రచనలో లోపమే, మొహమాటం లేకుండా అలాగే రాయండి.

సమస్య: వ్యాసం నిండా విశేషణాలే

‘గిరీశం మోసగాడు, వాచాలుడు, స్వార్థపరుడు’ అని రాస్తారు. ఒక్కటీ తప్పు కాదు, కానీ ఇది చదివినవాళ్లకి గిరీశం కనపడడు. లోకంలో మోసగాళ్లు ఎంతమందో ఉన్నారు, వాళ్లందరికీ ఈ వాక్యం సరిపోతుంది.

కారణం: తీర్పు ముందే చెప్పేయడం వల్ల ఇక చూడాల్సింది ఏమీ మిగలదు.

పరిష్కారం: విశేషణం కొట్టేసి ఆ చోట క్రియ పెట్టండి. గిరీశం ఏం చేస్తాడు? పూటకూళ్లమ్మ దగ్గర డబ్బు తీసుకుని మధురవాణికి ఖర్చుపెడతాడు. ఊళ్లో అప్పులు ముదిరితే వెంకటేశానికి చదువు చెప్పే వంకతో అగ్రహారం చేరతాడు. వితంతు వివాహం గురించి లెక్చరిస్తూ బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. ఇలా రాసుకుంటూ పోతే ఒకటి బయటపడుతుంది: అతని పనిముట్టు సంఘసంస్కరణ. ఆ కాలంలో సౌజన్యారావు పంతులు లాంటివాళ్లు చిత్తశుద్ధితో నమ్మిన మాటల్నే ఇతను అవసరానికి వాడుకుంటాడు. మోసగాడు అనే మాట ఇంతదూరం తీసుకెళ్లదు.

సమస్య: మారని పాత్ర గురించి ఏం రాయాలో తోచడం లేదు

ఎదుగుదల మీద వ్యాసం అనగానే ప్రతి పాత్రా మారి తీరాలనుకుంటారు. మారకపోతే పాత్ర చిత్రణ బలహీనంగా ఉందని తేల్చేస్తారు. దీనివల్ల మన సాహిత్యంలో ఎంతో గొప్ప పాత్రలకి అన్యాయం జరుగుతోందని నా బాధ.

నాటకం చివర్లో గిరీశం గుట్టు బయటపడుతుంది, బుచ్చమ్మ దక్కదు. అప్పుడు అతనన్న మాట తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ: ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది!’ నవ్వి వదిలేయకుండా ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. తప్పుదారి పట్టింది కథే, తను కాదు. నేర్చుకునే అవకాశం ముందుకొచ్చి నిలబడ్డా అతను తీసుకోలేదు. మారకపోవడం కూడా ఒక నిర్ణయమేనని ఒప్పుకుంటే గిరీశం మీద రాయడానికి చాలా ఉంది.

మధురవాణి సంగతి ఇంకా వేరు. ఆమెకి తన విలువలు మొదటి నుంచీ తెలుసు. ఆమె మారదు, ఎదుటివాళ్లు మారతారు. చివరి అంకంలో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. ఆయన వేశ్యల మొహం చూడకూడదన్న నియమం పెట్టుకున్న వకీలు. లుబ్ధావధాన్లు మీద పడిన హత్య కేసు నుంచి అతన్ని తప్పించే సమాచారం ఆమె దగ్గర ఉంది. దానికి ప్రతిఫలంగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన నియమం సడలే క్షణంలో తనే వెనక్కి తగ్గుతుంది. ఆ గదిలోంచి మరో మనిషిగా బయటికి వచ్చేది సౌజన్యారావు. వేశ్య అంటే చెడ్డదన్న ఆయన లెక్క ఆమెని చూశాక నిలబడలేదు.

పరిష్కారం: పాత్ర మారకపోతే మూడు ప్రశ్నలు వేయండి. మారే అవకాశం దానికి వచ్చిందా? వస్తే ఎందుకు వదులుకుంది? దాని పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరు మారారు? మూడో ప్రశ్నకి జవాబు దొరికితే సగం వ్యాసం వచ్చేసినట్టే.

సమస్య: యానిమేషన్ సినిమా మీద రాసినా రేడియో నాటకం మీద రాసినట్టుంది

లక్షణం: ఆధారాలన్నీ డైలాగులే. బొమ్మ గురించి ఒక్క వాక్యం ఉండదు, ఉన్నా ‘విజువల్స్ అద్భుతం’ అని ఉంటుంది.

కారణం మన అలవాటు. పాఠ్యపుస్తకాల్లో పాత్రని మాటల ద్వారానే చదివాం. కానీ గీసిన సినిమాలో యాదృచ్ఛికంగా జరిగేది దాదాపు ఏమీ ఉండదు. నటుల సినిమాలో గాలికి చీర కొంగు ఎగిరితే అది అనుకోకుండా జరిగి ఉండొచ్చు. బొమ్మల సినిమాలో కొంగు ఎగిరిందంటే ఎవరో కూర్చుని దాన్ని ఎగిరేలా గీశారు. అంటే ప్రతి కదలికా సాక్ష్యమే.

పరిష్కారం: సౌండ్ పూర్తిగా తీసేసి ముఖ్యమైన ఘట్టాలు చూడండి. పాత్ర భుజాలు, చేతులు ఎలా ఉన్నాయి, ఎంత వేగంగా కదులుతోంది, పక్కవాళ్లకి ఎంత దూరంలో ఉంది అన్నవి రాసుకోండి.

‘స్పిరిటెడ్ అవే’లో చిహిరో కారు వెనక సీట్లో పూలగుత్తి పట్టుకుని నీరసంగా పడుకుని కనిపిస్తుంది. సొరంగంలో అమ్మ చేయి గట్టిగా పట్టుకుని నడుస్తుంది. బాయిలర్ గదికి వెళ్లడానికి గోడ పక్కనున్న నిటారు మెట్లు దిగాలి. కూర్చుని, ఒక్కో మెట్టే వణుకుతూ దిగుతుంది. ఒక మెట్టు విరిగేసరికి అరుస్తూ కిందిదాకా పరుగే పరుగు. అదే పిల్ల తర్వాత గాయపడ్డ తన నేస్తం హాకూ దగ్గరికి వెళ్లడానికి, చొక్కా చేతులు పైకి కట్టుకుని, కూలిపోయే సన్నటి గొట్టం మీద పరిగెత్తుతుంది. మొదటిసారి మెట్టు విరిగి పరుగు పెట్టించింది. రెండోసారి పరుగు తనే ఎంచుకుంది. ఈ తేడా చెప్పడానికి మియాజాకీ ఒక్క డైలాగూ వాడలేదు.

చివర్లో ఒక చిక్కు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు సొరంగంలో చిహిరో మళ్లీ మొదటిలాగే అమ్మ చేయి పట్టుకుంటుంది. అలా వేలాడొద్దని అమ్మ మళ్లీ అదే మాట అంటుంది. మరి ఎదిగినట్టా, లేనట్టా? ఎదిగిందనే నేనంటాను. ఆ మాయాలోకంలో తను పందిగా మారిన సంగతి అమ్మకే తెలియదు. ఆమె కళ్లకి ఉదయం వచ్చిన పిల్లే ఇంకా పక్కన ఉంది. వెనక్కి చూడొద్దని హాకూ చెప్పాడు, చూడబోయి తమాయించుకున్నది చిహిరో. పదేళ్ల పిల్లకి ధైర్యం వస్తే అమ్మ చేయి అక్కర్లేకుండా పోతుందా? మీకు వేరేలా అనిపిస్తే ఆ వైపు నుంచే రాయండి, కానీ ఆ సొరంగాన్ని మాత్రం దాటేయకండి.

సమస్య: పాత్ర కోరుకున్నది దక్కలేదు, అయినా సినిమా సంతోషంగా ముగిసింది. ఇది లెక్కకి అందడం లేదు

కారణం: కోరికనీ అవసరాన్నీ ఒకటిగా చూడటం. ‘ఇన్‌సైడ్ అవుట్’ (2015)లో రైలీ అనే అమ్మాయి మనసులోని భావాలే పాత్రలు: జాయ్ అంటే సంతోషం, శాడ్‌నెస్ అంటే దుఃఖం. జాయ్ కోరిక ఒక్కటే, రైలీ ఎప్పుడూ సంతోషంగా ఉండాలి. అందుకని శాడ్‌నెస్ చుట్టూ నేల మీద సున్నా గీసి అందులోనే ఉండమంటుంది. తర్వాత ఒక పాత జ్ఞాపకాన్ని వెనక్కి తిప్పి చూస్తుంది. హాకీ జట్టంతా రైలీని ఎత్తుకున్న ఆనందానికి ముందు రైలీ ఏడ్చిందని, ఆ ఏడుపు చూసే అందరూ దగ్గరికి వచ్చారని అర్థమవుతుంది. చివర్లో జ్ఞాపకాలని తనే శాడ్‌నెస్ చేతిలో పెడుతుంది.

పరిష్కారం: రెండు వాక్యాలు రాసుకోండి. ‘ఈ పాత్ర తనకి కావాలనుకున్నది ఇది.’ ‘నిజానికి కావాల్సింది ఇది.’ రెండూ ఢీకొన్న ఘట్టం దగ్గరే మీ వ్యాసం మధ్యభాగం ఉండాలి.

సమస్య: ఎదుగుదల కాదు, పతనమే కనిపిస్తోంది

కంగారు అక్కర్లేదు, పతనానికీ ఇదే పద్ధతి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు మెట్టుమెట్టుగా దిగజారతాడు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటే. అతను బాగా ఆలోచిస్తాడు, తన ఓటమికి పెద్ద పెద్ద తాత్విక కారణాలు చెప్పుకుంటాడు. వాటిని యథాతథంగా ఎత్తి రాస్తే విశ్లేషణ మీది కాక అతనిదవుతుంది. అతను అన్నది ఒక పక్క, ఆ పూట ఇంట్లోవాళ్లతో ప్రవర్తించింది ఒక పక్క రాసి పోల్చండి.

సమస్య: ఒకే పాత్ర మీద ఇద్దరు రాస్తే వివరాలు కలవడం లేదు

చాలావరకు ఇది ప్రతుల తేడా. ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. మనం ఇప్పుడు మాట్లాడుకునే మధురవాణి ఆ రెండో కూర్పులోని మధురవాణి. యానిమేషన్ సినిమాలైతే డబ్బింగ్‌లో మాట మారుతుంది, ఒక్కోసారి హాస్యం కోసం గొంతు తీరే మారుతుంది. ఏ కూర్పు చదివారో, ఏ భాషలో చూశారో మొదటి పేరాలోనే రాయండి. డైలాగు మీద వాదన నిలబెట్టాలనుకుంటే మూలభాషలో సబ్‌టైటిల్స్‌తో ఒకసారి సరిచూసుకున్నాకే రాయండి.