వానలు ముదరకముందే పాత కారు తాళాలను కదిలించి చూడండి

మొన్న అర్ధరాత్రి కురిసిన వానకు మా పక్క వీధిలో ఒక పెద్దాయన పాత మారుతి 800 మునిగిపోయింది. ఆయన ఏమరుపాటుగా ఏమీ లేరు. అపార్టుమెంటు కింది పార్కింగులోకి నీళ్ళు చీలమండల దాకా వచ్చినప్పుడే దిగివచ్చి, బండిని వేళచ్చేరి ఫ్లైఓవరు మీద పెట్టి రావాలనుకున్నారు. రిమోట్‌లో సెల్ అయిపోయి ఉండడంతో, ఏళ్ళ తరబడి వాడని తాళంచెవిని డ్రైవరు తలుపులో దూర్చారు. అది దూరింది గాని తిరగలేదు. పైకి వెళ్ళి కటింగ్ ప్లయర్ తెచ్చి, చెవిని దానితో పట్టి తిప్పారు. చెవి మెడ దగ్గర పుటుక్కున విరిగి, సగం ముక్క లోపలే ఉండిపోయింది. తలుపుకూ డిక్కీకీ ఇంజనుకూ ఉన్నది ఆ ఒక్క చెవే కాబట్టి, వాచ్‌మన్ అద్దం పగలగొట్టి తలుపు తెరిచినా బండిని స్టార్ట్ చేయడం కుదరలేదు. తెల్లవారేసరికి నీళ్ళు సీట్ల మీదికి వచ్చాయి.

చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. 2015 డిసెంబరు వరదలనూ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఈ నగరాన్ని ముంచిన మిగ్‌జాం తుపానునూ చూసినవారికి ఆ వాన ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. వైపర్ల గురించీ టైర్ల గురించీ బ్రేకుల గురించీ కూడా నేను చెప్పబోవడం లేదు, ఆ జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. తాళాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

బలం పెట్టి తిప్పకండి

ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే అది ఇదే కావాలి: తిరగని తాళంలో చెవిని బలంతో తిప్పకండి. కారణం తాళం నిర్మాణంలోనే ఉంది. తాళం లోపలి గొట్టంలో పలుచని ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి, ఒక్కొక్క రేకునూ ఒక సన్నని స్ప్రింగు నెడుతూ ఉంటుంది. సరైన చెవి పూర్తిగా లోపలికి వెళ్ళినప్పుడు దాని పళ్ళు ఆ రేకులన్నింటినీ గొట్టం అంచుకు సమానంగా సర్దుతాయి, అప్పుడే గొట్టం తిరుగుతుంది. దుమ్ముతోనో చిలుముతోనో ఒక్క రేకు ఇరుక్కుపోయినా అది గొట్టానికి గడియలా అడ్డుపడుతుంది. ఆ రేకును కదిలించవలసింది చెవి లోపలికీ బయటికీ చేసే రాకపోకలే తప్ప తిప్పుడు కాదు. మీరు పెట్టిన బలమంతా చెవి మీదికే వస్తుంది. ముప్పై ఏళ్ళుగా అరిగిన చెవి, లోతైన గాటు ఉన్నచోట ఎంత సన్నగా మిగిలిందో ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి.

బొటనవేలు, చూపుడువేలు పెట్టగలిగినంత బలమే చెవికి హద్దు. మూడో వేలు సాయానికి వచ్చిందంటే ఆగిపోవాలి.

ముందుగా ఏది బిగుసుకుందో తేల్చుకోండి

తాళం అంటే ఒక్క వస్తువు కాదు. చెవి దూర్చే గొట్టం ఒకటి, తలుపు అంచులో ఉండి కారు బాడీ స్తంభానికి బిగించిన కొక్కేన్ని పట్టుకునే లాచ్ మరొకటి. ఈ రెంటినీ సన్నని రాడ్లూ వాటి కొనలకు ఉండే ప్లాస్టిక్ క్లిప్పులూ కలుపుతాయి. చెవి పూర్తిగా దూరకపోయినా, దూరి తిరగకపోయినా లోపం గొట్టంలోనో అరిగిపోయిన చెవిలోనో ఉంటుంది. చెవి ఏ ప్రతిఘటనా లేకుండా వదులుగా తిరుగుతూ తలుపు మాత్రం తెరుచుకోకపోతే క్లిప్పు విరిగి ఉంటుంది, రాడ్డు ఊడి ఉంటుంది. చెవి తిరిగి, లోపలి నాబ్ పైకి లేచి, హ్యాండిల్ లాగినా తలుపు కదలకపోతే లాచ్ తుప్పు పట్టిందని అర్థం. లాచ్ జబ్బుకు గొట్టంలో నూనె పోసి ప్రయోజనం లేదు. అయినా చాలామంది చేసేది అదే.

గొట్టం బిగుసుకుంటే, డబ్ల్యూడీ-40 వంటి తుప్పు వదిలించే స్ప్రేను డబ్బాతో వచ్చే సన్నని పైపు ద్వారా తాళం రంధ్రంలోకి కొద్దిగా కొట్టి పావుగంట ఆగాలి. ఆ తర్వాత చెవిని తిప్పకుండా, కేవలం లోపలికీ బయటికీ ఓ ఇరవై ముప్పై సార్లు ఆడించాలి. బయటికి వచ్చిన ప్రతిసారీ చెవికి అంటిన నల్లని మడ్డిని పాత గుడ్డతో తుడవాలి. మధ్యమధ్య స్క్రూడ్రైవరు చెక్క పిడితో తాళం ముఖం మీద మెల్లగా తట్టితే ఇరుక్కున్న రేకులు కదులుతాయి. చెవి నునుపుగా జారుతున్నప్పుడే, రెండు వేళ్ళతో, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పి చూడాలి. తిరగకపోతే మళ్ళీ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మూడు రోజులు పట్టినా నష్టం లేదు. అందుకే ఈ పని వాన రాకముందు చేయమంటున్నాను.

1953లో తయారైన ఆ ద్రవం పేరులోని మొదటి అక్షరాలకు నీటిని తొలగించడం అని అర్థం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం. అది పట్టును విడిపిస్తుందే గాని ఎక్కువకాలం నిలిచే కందెన కాదు. కాబట్టి గొట్టం బాగా ఆరిన తర్వాత గ్రాఫైట్ పొడి గాని, ఆరిపోయే రకం టెఫ్లాన్ స్ప్రే గాని కొద్దిగా వేయాలి. గ్రాఫైటునూ నూనెనూ కలిపితే ముద్దగా మారి, ఉన్న జబ్బే మళ్ళీ మొదలవుతుంది. కొబ్బరి నూనె, ఇంజనాయిలు, గ్రీజు వంటివి గొట్టంలో వేయకండి. మన వీధుల దుమ్ముకు అవి నెల రోజుల్లో జిగురవుతాయి. గ్రీజు చోటు లాచ్ మీదే, అక్కడ ధారాళంగా పూయవచ్చు.

లాచ్‌కు తుప్పు ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తోచదు. కిటికీ అద్దం అంచున ఎండి పగిలిన రబ్బరు బీడింగ్ సందులోంచి నీళ్ళు తలుపు లోపలికి దిగుతాయి. దిగిన నీరు పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆకులూ మట్టీ వాటిని మూసేస్తే తలుపు తొట్టెలా నీళ్ళను నిలబెట్టుకుంటుంది. ఒక వెదురు పుల్లతో ఆ రంధ్రాలు పొడిచి తెరవడానికి రెండు నిమిషాలు చాలు. నేను బీసెంట్ నగర్‌లో చూసిన ఒక అంబాసిడరులో అలా పొడవగానే లీటరుకు పైగా తుప్పునీరు కారింది. సముద్రపు గాలి తగిలే పేటల్లో ఉన్నవారు ఈ పనిని ఏడాదికి రెండుసార్లు చేయడం మేలు. లాచ్ కోసం డోర్ ప్యాడ్ ఊడదీస్తే దాని వెనుక అతికించి ఉన్న ప్లాస్టిక్ షీటును చింపి పారేయకండి. లోపలి నీరు సీట్ల వైపు రాకుండా ఆపేది అదే.

డిక్కీ తెరుచుకోకపోతే ముందు వెనుక సీటు ఆనుడు భాగాన్ని ఊడదీసే వీలుందేమో చూడండి. చాలా పాత సెడాన్లలో అది కొక్కేల మీదో ఒకటి రెండు బోల్టుల మీదో నిలిచి ఉంటుంది. టార్చి పట్టుకుని ఆ దారిన లాచ్‌ను లోపలి నుంచి విడిపించవచ్చు. గునపంతో మూత ఎత్తబోయి రేకు వంచుకున్నవారిని చాలామందినే చూశాను. వంగిన మూత తర్వాత వాననీటిని లోపలికి పిలుస్తుంది.

చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి, వరుస చూడకుండా చెబుతున్నాను.

తిరగని చెవిని ప్లయర్‌తో ముట్టుకోకండి. మెకానిక్ ముట్టుకోబోయినా ఆపండి.

స్ప్రే కొట్టిన తాళానికి లైటరు మంట చూపకండి. ఆ ద్రవం మండుతుంది, పైగా చాలా కార్లకు పెట్రోలు ట్యాంకు వెనుక వైపే ఉంటుంది.

చెవి విరిగితే లోపలి ముక్కను ఫెవిక్విక్‌తో అతికించి లాగబోకండి. మొత్తం గొట్టం అతుక్కుపోతుంది. ముక్క వెనుక మరో చెవి దూర్చకండి. సన్నని రంపపు బ్లేడుతో పంటిని పట్టి మెల్లగా లాగాలి, చేతకాకపోతే తాళాల పనివారికి వదిలేయాలి. రెండు ముక్కలూ దాచండి, కొత్త చెవి కోయడానికి అవే ఆధారం.

అరిగిన చెవికి నకలు తీయిస్తే అరుగుదలకే నకలు వస్తుంది. వాడకుండా దాచిన రెండో చెవి ఉంటే దానినుంచి తీయించండి, చెవి మీదో గొట్టం మీదో కోడ్ నంబరు ఉంటే ముందు దాన్ని రాసుకోండి.

గొట్టం ఇక లాభం లేదనిపిస్తే చెన్నైలోని పాత విడిభాగాల బజారు పుదుపేటలో పాత లాక్ సెట్ దొరుకుతుంది. చెవితో సహా, అన్ని తలుపులకూ సరిపోయే సెట్టే కొనండి. కొట్టు ముందే ప్రతి తాళాన్నీ తిప్పి చూడండి.

రిమోట్ ఉన్నా నెలకోసారి ప్రతి తాళాన్నీ చెవితో తిప్పండి. పాత బండ్ల తాళాలు బిగుసుకుంటున్నదే రిమోట్ బిగించుకున్న తర్వాత. బ్యాటరీ దిగిన రోజున బానెట్ తెరిచే మీట కారు లోపలే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

బాగుచేసిన లాచ్‌ను తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవరుతో మూసి, లోపలి హ్యాండిల్‌తోనూ బయటి హ్యాండిల్‌తోనూ విడుదలవుతోందని తేల్చుకోండి. అంతవరకూ తలుపు వేయకండి. వేసేటప్పుడు అద్దం దించి ఉంచండి.

లోపలి నుంచి తెరుచుకోని తలుపు ఒక్కటున్నా ఆ బండిని వానలో నీళ్ళు నిలిచే దురైసామి సబ్‌వేలోకో, గణేశపురం సబ్‌వేలోకో దింపకండి. ఆ సీటులో పిల్లలను అసలే కూర్చోబెట్టకండి.

వాటర్ సర్వీసులో నీటి జోరును తాళం రంధ్రం మీదికి కొట్టనివ్వకండి. తడి బండికి కవరు కప్పకండి.

రెండు వేళ్ళకు తిరగకపోతే తిప్పకండి. నీళ్ళు వస్తున్నా సరే. ప్రయాణికుడి వైపు తలుపు ప్రయత్నించండి, డిక్కీ ప్రయత్నించండి, చివరికి చిన్న అద్దం పగలగొట్టుకోండి. చెవి చెక్కుచెదరకుండా ఉంటేనే ఇంజను స్టార్ట్ అవుతుంది.

ఈ వారమే రెండో చెవి చేయించండి. దాన్ని ఇంట్లో పెట్టండి, కారు డాష్‌బోర్డులో కాదు.